హ్యాండ్ బ్లెండర్ మిక్సీకి చెల్లెలు కాదు, పప్పుగుత్తికి చుట్టం

నమస్కారమండీ. చాలా ఇళ్లలో హ్యాండ్ బ్లెండర్ అటక మీదే ఉంటుంది. పెళ్లికి ఎవరో ఇచ్చి ఉంటారు, లేదా పండగ ఆఫర్‌లో తీసుకుని ఉంటారు. మొదటి వారం దాంతో కొబ్బరి చట్నీ చేద్దామని చూస్తారు. కొబ్బరి ముక్కలు ముక్కల్లాగే ఉండిపోతాయి, మోటారు వేడెక్కుతుంది, "ఇది దండగ వస్తువు" అని అట్టపెట్టెలో సర్దేస్తారు. తప్పు బ్లెండర్‌ది కాదండీ. మిక్సీ చేయాల్సిన పని దానికి అప్పజెప్పాం.

మన వంటింట్లో దీనికి అసలు చుట్టాలు పప్పుగుత్తి, కవ్వం. ఆ రెండూ ఏం చేస్తాయి? గిన్నెలో ఉన్నదాన్ని గిన్నెలోనే మెదుపుతాయి, చిలుకుతాయి. ఎక్కడ ఆపాలో మన చేతికి తెలుస్తూ ఉంటుంది. హ్యాండ్ బ్లెండర్ గొప్పతనం కూడా అదే. 1950లో స్విట్జర్లాండ్‌లో రోజర్ పెరింజాకె అనే ఇంజనీరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. జార్‌లోకి పదార్థాన్ని తీసుకెళ్లడం కాదు, బ్లేడునే పదార్థం దగ్గరికి తీసుకెళ్లాలన్నది అతని ఆలోచన. ఈ ఒక్కటి గుర్తుంటే దాంతో ఏం చేయాలో, ఏం చేయకూడదో సగం తెలిసిపోయినట్టే.

ముందు పప్పు సంగతి చూద్దాం. కుక్కర్‌లో కందిపప్పు ఉడికింది. బ్లెండర్ తల పూర్తిగా పప్పులో మునిగాకే స్విచ్ నొక్కాలి. స్విచ్ వదిలేశాకే బయటికి తీయాలి. ఈ వరస తప్పితే పప్పు గోడ మీద, చీర మీద, అన్నిచోట్లా ఉంటుంది. రెండు సెకన్లు నొక్కి వదలండి. కలిపి చూడండి. ఇంకోసారి రెండు సెకన్లు. పాలకూర పప్పుకైతే ఇక్కడే ఆపేయాలి. పప్పు బద్ద అక్కడక్కడా నాలుకకి తగలకపోతే అది పప్పు కాదు, సూపు. పప్పుచారుకి, సాంబారుకి మాత్రం ఇంకాస్త నడిపించి పూర్తిగా మెత్తగా చేయండి. అప్పుడే పప్పు అడుక్కి చేరదు, నీళ్లు పైన తేలవు.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. పప్పుతో పాటు పచ్చిమిరపకాయలు వేసి ఉడికించారనుకోండి, బ్లెండర్ పెట్టే ముందు వాటిని తీసి పక్కన పెట్టండి. గుత్తితో మెదిపినప్పుడు మిరపకాయ నలుగుతుందంతే. బ్లేడు దాన్ని గింజలతో సహా గిన్నెంతా పరిచేస్తుంది, ఇక ఆ కారం పిల్లలు తినలేరు. రెండోది, మామిడికాయ పప్పు. పుల్లటి ముక్క పంటికి తగలడంలోనే దాని రుచంతా ఉంది కాబట్టి పప్పుని విడిగా మెదిపాక ముక్కలు కలపండి. ముద్దపప్పుకి ఎక్కువసేపు తిప్పితే గాలి చేరి తెల్లగా నురగలాగా తయారవుతుంది. అది నాకైతే నచ్చదు. ముద్దపప్పుకి నేను ఇప్పటికీ గుత్తే వాడతాను.

తర్వాత కూర గ్రేవీ. ఉల్లిపాయలు, టమాటాలు, నాలుగు జీడిపప్పులు నూనెలో మగ్గించాం. మామూలుగా ఏం చేస్తాం? పళ్లెంలో ఆరబెట్టి, మిక్సీ జార్‌లో వేసి, తిప్పి, మళ్లీ బాణలిలో పోస్తాం. ఆరబెట్టకుండా వేస్తే జార్ లోపల ఆవిరి పట్టి మూత ఎగిరిపోతుంది, చేతులు కాలతాయి. ఇక్కడ ఆ గొడవ లేదు. స్టవ్ కట్టేసి, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, అనాసపువ్వు ఏరి తీసేసి, అరగ్లాసు నీళ్లు పోసి, బాణలిని కాస్త పక్కకి వంచండి. మసాలా అంతా ఒక వైపు చేరి లోతు వస్తుంది, ఆ లోతులో బ్లెండర్ ముంచాలి. బాణలి నాన్‌స్టిక్ అయితే మాత్రం దీన్ని దగ్గరికి రానివ్వకండి. స్టీల్ అంచు తగిలితే పూత లేచిపోతుంది.

గ్రేవీ ఇలా తిప్పాక రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. పైన ఉన్న నూనె చిన్న చిన్న చుక్కలై మసాలాలో కలిసిపోవడం వల్ల అలా ఉంటుంది. సన్నని మంట మీద ఐదారు నిమిషాలు ఉడకనిస్తే నూనె మళ్లీ అంచుల్లో తేలుతుంది, రంగూ తిరిగి వస్తుంది. పనీర్, కోడిగుడ్డు కూరలకి ఈ పద్ధతి బాగుంటుంది. గుత్తివంకాయకి మాత్రం పనికిరాదు. ఆ నువ్వులు, పల్లీల పొడి మిక్సీలోనో రోట్లోనో పడాల్సిందే.

టమాటా చారుకీ అంతే. టమాటాలు ఉడికిన గిన్నెలోనే తిప్పి, వడకట్టి, తాలింపు పెట్టండి. చింతపండు రసం తీయడానికి మాత్రం వాడకండి. ఎంత శుభ్రం చేసిన చింతపండులోనైనా ఒక గింజ దాక్కుని ఉంటుంది, అది బ్లేడుకి తగిలితే పళ్లు జివ్వుమనే చప్పుడు వస్తుంది. రాగి జావ ఉండలు కట్టిందా? పారబోయకండి. గిన్నె దించి పది సెకన్లు తిప్పితే చాలు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పని, వెన్న తీయడం. వారం రోజుల మీగడ ఫ్రీజర్‌లో దాచారనుకుందాం. ముందు రోజు రాత్రి బయటపెట్టి, కరిగాక చెంచా పెరుగు కలిపి తోడు పెట్టండి. పొద్దున దాన్ని ఎత్తుగా, సన్నగా ఉన్న గిన్నెలోకి తీసుకుని, ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు పోసి బ్లెండర్ పెట్టండి. మొదట చిక్కగా, క్రీములాగా అవుతుంది. కాసేపు నడిపి, కాసేపు ఆపుతూ వెళ్లండి. ఒక దశలో మోటారు చప్పుడు మారుతుంది. అప్పటిదాకా మూలిగిన మోటారు ఒక్కసారిగా తేలిగ్గా తిరుగుతుంది. తొంగి చూస్తే ఆవగింజంత వెన్న పూసలు నీళ్లలో తేలుతూ ఉంటాయి. అక్కడే ఆపేయాలి, ఇంకో పది సెకన్లు కూడా వద్దు. కవ్వం వెన్నని దగ్గరికి చేరుస్తుంది గానీ బ్లేడు వచ్చిన పూసని మళ్లీ కోసేస్తుంది, పైగా వేడి చేస్తుంది. వేడెక్కిన వెన్న ముద్ద కట్టదు, చేతికి జిడ్డులాగా అంటుకుంటుంది. పూసలు కనిపించగానే ఇంకొన్ని చల్లటి నీళ్లు పోసి, చేత్తోనే దగ్గరికి తీయండి. చలికాలంలో మీగడ మరీ బిగుసుకుపోయి ఉంటే చల్లటి నీళ్లకి బదులు మామూలు నీళ్లు చాలు. మిగిలిన మజ్జిగ పారబోయకండి, మజ్జిగ పులుసుకి అంతకంటే మంచిది దొరకదు.

తాగే మజ్జిగకి మాత్రం బ్లేడు కాకుండా విస్క్ పెట్టండి. చిలికే తీగల గుత్తి ఉంటుంది కదా, అది. ఐదారు సెకన్లు చాలు.

ఇక మయోనైజ్, అదేనండీ, నంజుకునే చిక్కటి తెల్లటి సాస్. మన ఊళ్లలో మోమోలు, కబాబులు, షవర్మాలు వచ్చాక దీని పేరు తెలియని పిల్లలు లేరు. ఆహారం విషమైన ఘటనల తర్వాత 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది కూడా. కాబట్టి గుడ్డు ఊసే లేకుండా, పాలతో చేద్దాం. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు 100 మిల్లీలీటర్లు, సన్‌ఫ్లవర్ నూనె 200 మిల్లీలీటర్లు తీసుకోండి. ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, కాస్త ఆవపొడి. గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె వద్దు, వాటి వాసనే మిగులుతుంది.

పాత్రే ఇక్కడ కీలకం. బ్లెండర్ తల సరిగ్గా పట్టేంత వెడల్పు ఉన్న పొడవాటి గ్లాసు కావాలి. ముందు పాలు పోసి, మీద నూనె పోయండి. నూనె తేలుతుంది. బ్లెండర్‌ని అడుగుదాకా ఆనించి, అప్పుడు నొక్కండి. కదపకండి. బ్లేడు తిరిగినప్పుడు పుట్టే సుడి పైనున్న నూనెని కొంచెం కొంచెంగా కిందికి లాక్కుంటుంది. చేత్తో చేసేవాళ్లు నూనెని చుక్కచుక్కగా పోస్తూ చిలుకుతారు, ఇక్కడ ఆ పని సుడి చేసి పెడుతోంది. నూనె చుక్కలు మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా పాలలోని ప్రోటీన్ వాటి చుట్టూ పొరలాగా పట్టుకుంటుంది. అడుగున తెల్లగా చిక్కబడటం కనిపించాక నెమ్మదిగా పైకి లేపండి. చివర్లో రెండు చెంచాల నిమ్మరసం వేసి ఒక్కసారి తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. వెడల్పాటి గిన్నెలో చేస్తే సుడి పుట్టదు, నూనె నూనెగానే ఉండిపోతుంది. ఇందులో కాస్త కొత్తిమీర, పచ్చిమిర్చి వేసి తిప్పి చూడండి, బజ్జీలకి అదిరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

బజ్జీలంటే గుర్తొచ్చింది. శనగపిండిలో ఉండలు పోవడానికి, కాస్త గాలి చేరడానికి బ్లెండర్ బాగా పనికొస్తుంది. గోధుమపిండి, మైదా కలిపిన అట్లపిండిని మాత్రం ఎక్కువసేపు తిప్పకండి. సాగుడు పుట్టి అట్టు రబ్బరులాగా వస్తుంది. శనగపిండిలో ఆ సాగే గుణం లేదు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఇది నిజంగా పనికొస్తుంది. ఆరు నెలలు నిండాక అన్నం, పప్పు, క్యారెట్ ఉడికించి మెత్తగా చేసి పెడతాం. కానీ అదే మెత్తదనం ఏడాది దాకా సాగదీయకండి. ఎనిమిది, తొమ్మిది నెలలకి చిన్న చిన్న పలుకులు తగలాలి, అప్పుడే నమలడం అలవాటవుతుంది. మిక్సీలో ఆ తేడా పట్టుకోవడం కష్టం, ఇక్కడ ఒక్క నొక్కు తక్కువ నొక్కితే సరిపోతుంది. మింగడం కష్టంగా ఉన్న పెద్దవాళ్లకి ఎంత చిక్కగా ఉండాలో డాక్టర్‌ని అడిగి, వాళ్లకి తీసిన ఒక్క గిన్నె వరకే తిప్పండి. అదే కూర, అదే తాలింపు, అందరితో పాటే తింటారు.

మరి దేనికి వాడకూడదు? ఇడ్లీ, దోసె పిండి రుబ్బడానికి వద్దు. పచ్చికొబ్బరి, ఎండు మసాలాలు, ఐస్ ముక్కలు, బొబ్బట్ల పూర్ణం, వీటితో మోటారు కాలుతుంది. ఉడికిన బంగాళాదుంప వద్దే వద్దు. బ్లేడు అందులోని గంజిని బయటికి తెచ్చేస్తుంది, కూర కాస్తా బంకైపోతుంది. మామిడిపళ్లలో బంగినపల్లి గుజ్జు భేషుగ్గా వస్తుంది. రసాలు మాత్రం పీచు, ఆ పీచంతా బ్లేడుకి చుట్టుకుంటుంది. అయినా రసాల్ని పిసుక్కుని జుర్రుకోకుండా బ్లెండర్‌లో పెట్టడమేంటండీ, విడ్డూరం కాకపోతే!

కొనేవాళ్లకి రెండు మాటలు. నీళ్లలో మునిగే కాడ స్టీల్‌ది తీసుకోండి, ప్లాస్టిక్‌ది మరిగే చారులో పెట్టలేం. కాడ విడివడి రావాలి. వాట్లు చూసి మురిసిపోవడం కంటే, ఆగకుండా ఎంతసేపు నడపొచ్చో దాంతో వచ్చిన పుస్తకంలో చూడండి. చాలావాటికి నిమిషం దాటకూడదని ఉంటుంది. అమెరికా వెళ్లే పిల్లలకి సూట్‌కేసులో సర్దకండి. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. మనది అక్కడ నీరసంగా తిరుగుతుంది. అక్కడిది తెచ్చి ఇక్కడ పెడితే కాలిపోతుంది. అక్కడే కొనుక్కోమనండి.

కడగడం తేలిక. పొడవాటి గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి పది సెకన్లు తిప్పితే చాలు. తోటకూర కాడో, పీచో బ్లేడుకి చుట్టుకుంటే వేలు పెట్టే ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ఎందుకంటే ఈ బటన్ మన బొటనవేలి కిందే ఉంటుంది, పట్టుకోగానే నొక్కుకుపోతుంది. పక్కన పిల్లలుంటే మరీ జాగ్రత్త.

కొబ్బరి చట్నీ మిక్సీలో వేడెక్కకుండా ఎలా చేయాలో వచ్చే వీడియోలో చూద్దాం. ఉంటానండీ.