విరిగిన చెయ్యా, ఊడిన చెయ్యా?

పాత కంచు చెయ్యి ఒకటి కనిపిస్తే చాలు, "అయ్యో, ఎవరో విరగ్గొట్టారు" అనేస్తారు. అంచు చూడకుండా ఆ మాట ఎలా అంటారో నాకర్థం కాదు.

గ్రీకు, రోమన్ కాలపు నిలువెత్తు కంచు విగ్రహాలు చాలావరకు ఏకాండీ పోత కావు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా పోసి, తర్వాత కలిపేవాళ్లు. చొక్కాకి చేతులు కుట్టినట్టు. చొక్కా చెయ్యి పోయిందంటే కుట్టన్నా ఊడాలి, గుడ్డన్నా చిరగాలి. ఏది జరిగిందో అంచే చెప్తుంది.

(అంచు క్లోజప్)

చిరిగిన అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, పక్కనే రేకు వంగి ఉంటుంది. ఊడిన అంచు చుట్టూ ఒకే తీరుగా సాగుతుంది. దాని వెంట వరసగా సగం కోడిగుడ్డు ఆకారపు గుంటలు చూడండి. మిగతా సగాలు భుజం వైపు ఉండేవి. ఆ గుంటల్లో కరిగిన కంచు పోసి అతికేవాళ్లు. పోసినది అంచుని కూడా కాస్త కరిగిస్తేనే అతుకు పడుతుంది. పది శాతం తగరం ఉన్న కంచు పూర్తిగా కరగడానికి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ కావాలి. అంచు చల్లగా ఉంటే పోసిన లోహం పట్టుకోకుండానే గడ్డకడుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల కుట్టు పడనే లేదు!

ఇప్పుడు చొక్కా తిరగేద్దాం. నిజమైన పనితనం లోపలి వైపే ఉంటుంది. గోడ మందం తరచుగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు. ముందు మైనంతో బోలు నమూనా చేసి, లోపల మట్టి నింపి, మైనం కరిగించేసి ఆ ఖాళీలో కంచు పోసేవాళ్లు. లోపల కారినట్టున్న బొట్లు ఆ మైనానివి. మైనం ఎలా కారిందో కంచు అలాగే నకలు తీసింది. అచ్చులో మైనం పోసి తిప్పారనడానికి అదే ఆనవాలు. అందుకే లోపలి మట్టిని "శుభ్రం" చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

చొక్కాకి మాసికలూ ఉంటాయి. పోతలో గాలి బుడగ వల్ల చిల్లు పడితే చుట్టూ దీర్ఘచతురస్రంగా చెక్కి, చిన్న రేకు ముక్క కొట్టి బిగించేవాళ్లు. ఆ ముక్క రాలిపోయి గుంట మిగిలితే జనం దాన్ని దెబ్బ అనుకుంటారు.

ఇక లోహం సంగతి. టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తా. ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీ (ఎక్స్‌రేలతో ఏ లోహం ఎంతుందో చూపే చేతి పరికరం) పచ్చటి పొర మీద పెట్టి అంకె చదివితే, అది వెలిసిన గుడ్డ రంగు చదివినట్టే. పైపొరలో రాగి కరిగిపోయి తగరం మిగులుతుంది కాబట్టి తగరం ఎక్కువ చూపిస్తుంది. కనపడని చోట 1 మిల్లీమీటరు డ్రిల్లుతో తొలిచి, మొదట వచ్చే ఆకుపచ్చ, ఎర్ర పొడి పారేసి, మెరిసే రజను మాత్రమే తీసుకోవాలి. సీసం కంచులో కలవదు, బొట్లుబొట్లుగా విడిగా ఉంటుంది. అందుకని ఒక్క రంధ్రం చాలదు.

వయసా? కంచుకి కార్బన్ డేటింగ్ చెయ్యలేరు, దయచేసి అడక్కండి. లోపలి మట్టిలో గడ్డిపరకో బొగ్గో ఉంటే దానికి చెయ్యొచ్చు. ఆ మట్టికి థర్మోల్యూమినిసెన్స్ (కాలిన నాటి నుంచి మట్టిలో చేరిన రేడియేషన్‌ని బట్టి వయసు చెప్పే పరీక్ష) కూడా చెయ్యొచ్చు. కానీ దాని నమూనా ఎక్స్‌రేకి ముందే తీసి పక్కన పెట్టాలి. ఎక్స్‌రే పడితే మట్టిలో రేడియేషన్ లెక్క పెరిగి, వయసు ఎక్కువ చూపిస్తుంది.