పెళ్లయిన ఏడేళ్ల లోపు చావు: బెయిలు దగ్గర కోర్టు ఏం చూస్తుంది

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మన డెల్టాలో కట్నాన్ని కట్నం అని ఎవరూ అడగరు. పసుపు కుంకుమ కింద అరెకరం అంటారు, ఆడపడుచు లాంఛనం అంటారు. పెళ్లయిన రెండేళ్లకు ‘రొయ్యల చెరువు లీజు కట్టాలి, మీ నాన్నను ఐదు లక్షలు సర్దమను’ అంటారు. అమ్మాయి చనిపోయాక అత్తింటివాళ్ల బెయిలు పిటిషన్‌లో మొదటి వాదన దీనిమీదే. అది వ్యాపారానికి అడిగిన చేబదులు, కట్నం కాదు అంటారు. 2007లో అప్పాసాహెబ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి ఖర్చులకూ ఎరువులకూ అడిగిన డబ్బు కట్నం కిందికి రాదంది. 2015లో రాజిందర్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు సరికాదని తేల్చింది. పాతదాన్ని పట్టుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పీపీ (ప్రభుత్వ వకీలు) గారి చేతిలో కొత్త తీర్పు లేకపోతే ఆ వాదనకు అడ్డుండదు.

2024 జులై 1 నుంచి జరిగిన వరకట్న మరణాలకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 80, అంతకు ముందువాటికి పాత ఐపీసీ సెక్షన్ 304బి. శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. అందుకే బెయిలు పోరాటం మామూలుగా సెషన్స్ కోర్టులో, అక్కడ కాదంటే హైకోర్టులో.

జడ్జి గారు సీడీ ఫైలు (పోలీసుల కేసు డైరీ) తెరిస్తే ముందు చూసేది పెళ్లి తేదీ. శుభలేఖ ఉంటే చాలు, చావు పెళ్లయిన 7 ఏళ్ల లోపేనా అన్న లెక్క తేలిపోతుంది. అసలు చిక్కు, కట్నం వేధింపు ‘మరణానికి కొద్ది ముందు’ జరిగి ఉండాలని చట్టంలో ఉన్న మాట దగ్గర. నిమిషాల ముందని దాని అర్థం కాదు. వేధింపుకూ చావుకూ మధ్య తెగని లంకె ఉండాలని 2021లో సత్బీర్ సింగ్ తీర్పు చెప్పింది. సంక్రాంతికి అల్లుడు రాలేదు, ఫిబ్రవరిలో పుట్టింటివాళ్లు ఫోన్‌పేలో లక్ష వేశారు, మార్చిలో పెద్దమనుషుల దగ్గర తగువు, ఏప్రిల్లో చావు. ఈ వరుస కాగితం మీద ఉంటే బెయిలు కష్టం. ‘మూడేళ్లుగా వేధిస్తున్నారు’ అన్న ఒక్క ముక్కే ఉంటే లంకె తెగినట్టే.

ఫిర్యాదు రాసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటి. దుఃఖంలో ‘భర్త, అత్త, మామ, ఆడపడుచులు, తోటికోడలు అందరూ కలిసి’ అని ఒకే గాటన కట్టేస్తారు. వేరే ఊళ్లో కాపురముండే ఆడపడుచుకు ఆ వాక్యం మీదే బెయిలొస్తుంది, అది సబబే కూడా. ఎవరు, ఏ రోజు, ఎంత అడిగారో విడివిడిగా ఉండాలి. 2025 మార్చిలో షబీన్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు అత్తమామల బెయిలు రద్దు చేసి, ఆడపడుచుల బెయిలును అలాగే ఉంచింది. పాత్రను బట్టి తూచడమంటే అదీ.

ఏడేళ్ల లోపు చావుల్లో మేజిస్ట్రేటు శవ పంచనామా తప్పనిసరి. మన దగ్గర ఆ పని ఎక్కువగా తహసీల్దారు చేస్తారు. మెడ మీద గుర్తులు, ఒంటి మీద పాత కమిలిన గాయాలు అందులోనూ పోస్టుమార్టం రిపోర్టులోనూ ఒకేలా ఉన్నాయా అని కోర్టు పోల్చి చూస్తుంది. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే ముద్దాయి తరఫు వకీలు దాన్నే పట్టుకుంటారు.

ఇక 90 రోజుల సంగతి. రిమాండు వేసిన రోజునూ కలిపి లెక్కపెట్టాలి. ఆలోగా చార్జిషీటు పడకపోతే, నేరం ఎంత ఘోరమైనా, పూచీకత్తు ఇస్తానన్న ముద్దాయికి బెయిలు హక్కు. అయితే చార్జిషీటు పడకముందే పిటిషన్ వేసుకోవాలి. ‘కేసు కొట్టేశారట’ అని ఊళ్లో పుకారు పుట్టేది సాధారణంగా అప్పుడే. బెయిలంటే కేసు పోవడం కాదు, విచారణ నడుస్తుంది.

బెయిలు పిటిషన్ మీద వాదనలు జరిగేటప్పుడు తల్లిదండ్రులు తమ వకీలు ద్వారా తమ మాట వినిపించుకోవచ్చు. 2022లో సుప్రీంకోర్టు దాన్ని బాధితుల హక్కుగానే చెప్పింది. బెయిలు వచ్చేసినా, సాక్షులను బెదిరిస్తే రద్దు కోరవచ్చు. ఏమీ బెదిరించకపోయినా, ఆర్డరులో కారణాలు లేకుండా ‘కేసు పరిస్థితుల దృష్ట్యా’ అని రెండు లైన్లే ఉంటే పై కోర్టుకు వెళ్లడానికి అదే ఆధారం. అందుకని ఆర్డరు వచ్చిన రోజే కాపీ అప్లికేషన్ వేయించండి.