నోటిమాటతో ఉద్యోగం పోతుందా? మున్సిపల్ కార్మికుల ఫోన్-ఇన్ నుంచి
(2024 జూన్‌లో ప్రసారమైంది. అడ్వొకేట్ సమాధానాలు. ఇందులోని చట్టం, గడువులు అప్పటివి; 2025 నవంబర్ నుంచి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది.)

యాంకర్: నల్గొండ జిల్లా నుంచి ఫోన్. చెప్పండమ్మా, ఆఫీసు పేరు మాత్రం వద్దు.

కాలర్: నమస్తే సార్. నేను మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేదాన్ని. 9 ఏళ్లయింది. మొదట మస్టర్ మీద దినకూలీగా, తర్వాత కాంట్రాక్టు ఏజెన్సీ పేరు మీద. నవంబర్‌లో మా ఆయనకు ఆపరేషన్ అయితే 11 రోజులు పోలేదు, మా పని చూసే జవాన్‌కు చెప్పే పోయాను సార్, ఆయన సరే అన్నాడు. డిసెంబర్‌లో వెళితే నీ పేరు తీసేశారు, రావద్దన్నాడు. మా ఆడబిడ్డ కూడా అక్కడే చేస్తుంది, ఆమెనూ బెదిరిస్తున్నారు...

అడ్వొకేట్: ఆగమ్మా. కాగితం ఏమైనా ఇచ్చారా?

కాలర్: లేదు సార్. నాతోనే తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

అడ్వొకేట్: అయ్యో తల్లీ! ప్రతి వారం చెప్తున్నాను, తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. రేపు దాని మీద రాజీనామా అని రాసుకుంటారు. సరే, అయిందేదో అయింది. సంతకం ఎలా తీసుకున్నారో ఇవాళే మున్సిపల్ కమిషనర్‌కు రాసి పంపండి.

కాలర్: మరి నేను రేపటి నుంచి పనికి పోవచ్చా సార్?

అడ్వొకేట్: చెప్తాను. నువ్వు తప్పు చేశావంటే నోటీసిచ్చి విచారణ జరపాలి. పని లేదంటే నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి, పైగా చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం. నీ 9 ఏళ్లకు 135 రోజుల జీతమమ్మా. ఇందులో ఏదీ చేయకుండా జవాన్ నోటితో తీసేస్తే చెల్లదు. పారిశ్రామిక వివాదాల చట్టం మున్సిపాలిటీకీ వర్తిస్తుంది. కానీ తీసేయడానికి ముందు 12 నెలల్లో 240 రోజులు పని చేశానని నువ్వే చూపాలి, అక్కడే మనవాళ్లు ఓడిపోతున్నారు. పీఎఫ్ కట్ అయ్యేదా?

కాలర్: అయ్యేది సార్. జీతం బ్యాంకులో పడేది.

అడ్వొకేట్: బంగారం లాంటి సాక్ష్యం! పాస్‌బుక్, పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు అన్నీ తీసి పెట్టు. హాజరు పట్టీ నకలు కావాలని సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ తర్వాత అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టు, మున్సిపాలిటీనీ ఏజెన్సీనీ ఇద్దరినీ చేర్చు, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా లేబర్ కోర్టుకు పోవచ్చు. తీసేసిన రోజు నుంచి 3 ఏళ్ల గడువుంది, అలా అని కూర్చోకు.

కాలర్: పర్మినెంట్ చేస్తారా సార్?

అడ్వొకేట్: అది వేరే సంగతి, 2006లో సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో దానికి గట్టిగా అడ్డుకట్ట వేసింది. ఆశపెట్టి డబ్బులు గుంజేవాళ్లను నమ్మొద్దు. ఇంకో మాట, దినసరి వాళ్లకు ఒక్కోసారి కోర్టులు ఉద్యోగం బదులు పరిహారం ఇస్తున్నాయి. ఉద్యోగమే కావాలని మొదటి నుంచీ గట్టిగా అడుగు.

కాలర్: అయితే రేపు పోవచ్చా సార్?

అడ్వొకేట్: (మెల్లగా) పో తల్లీ. ఉత్త చేతులతో కాదు. 'నేను డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, రానివ్వట్లేదు' అని రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకో. వేయకపోతే రిజిస్టర్ పోస్టు. లాయర్‌కు డబ్బుల్లేవని భయపడకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది. 15100కి ఫోన్ చెయ్యి.

యాంకర్: తర్వాతి కాలర్.

కాలర్: సార్, పంచాయతీలో మల్టీపర్పస్ వర్కర్‌ని. సర్పంచ్ ఆపేశాడు, ఆయన పదవీకాలం కూడా జనవరిలో అయిపోయింది. ఎవరిని అడగాలి?

అడ్వొకేట్: ఇప్పుడు సర్పంచ్ స్థానంలో ఉన్న ప్రత్యేకాధికారికి అర్జీ పెట్టు, ఎంపీడీవోకు, జిల్లా పంచాయతీ అధికారికి కాపీలు. రశీదు లేకుండా ఏదీ ఇవ్వకు.

యాంకర్: థాంక్స్ అండి. మరొకరు.

కాలర్: జూనియర్ అసిస్టెంట్‌ని సార్, సస్పెండ్ చేశారు, నా మీద కక్షతో...

అడ్వొకేట్: సస్పెన్షన్ అంటే తీసేయడం కాదు. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లూ ఇచ్చే జీవనభృతి అడగండి, ఆరోపణలు రాసి ఇచ్చే చార్జ్ మెమోకు గడువులోపు జవాబివ్వండి. కోపంలో రాజీనామా రాయకండి.

కాలర్: అది కాదు సార్, మా సెక్షన్‌లో...

యాంకర్: టైమ్ లేదండి, సారీ. ఆఖరి ఫోన్. అమ్మా, మీరు ఇందాక మాట్లాడినవారే కదా?

కాలర్: అవును సార్. ఆ నంబర్ మళ్లీ చెప్పండి, మా పాప రాసుకుంటుంది.

అడ్వొకేట్: 1, 5, 1, 0, 0. రాసుకున్నావా పాపా? రేపు ఆ కాగితం కూడా నువ్వే రాయి, తారీఖు వేయడం మర్చిపోకు.