యాపిల్‌ని బతికించింది ఆ 15 కోట్ల డాలర్లేనా?

"బిల్ గేట్స్ 15 కోట్ల డాలర్లు పెట్టాడు కాబట్టే యాపిల్ బతికింది." కంపెనీల గురించి ఎక్కడ మాట్లాడినా ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ లెక్క తేల్చేద్దాం.

1997లో యాపిల్ నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. చేతిలో నగదు కూడా వంద కోట్లకు పైగానే ఉంది. అంత నష్టం వస్తుంటే 15 కోట్లు రెండు నెలలకు కూడా చాలవు. మరి యాపిల్‌కి దక్కిందేంటి?

ఊళ్లో ఎదురెదురుగా రెండు కిరాణా కొట్లు ఉన్నాయనుకోండి. పెద్ద కొట్టాయనకి రైస్ మిల్లు కూడా ఉంది. చిన్న కొట్టు మూతపడుతోందని ఊరంతా పుకారు. సరుకు వేసేవాళ్లు వెనకాడతారు, ఖాతాలున్నవాళ్లు మెల్లగా జారుకుంటారు. ఇక మిల్లాయన బియ్యం కూడా ఆపేస్తే? బియ్యం దొరకని కొట్టుకి ఉప్పు పప్పుల కోసం ఎవరొస్తారు?

చిన్న కొట్టు యాపిల్, పెద్ద కొట్టు గేట్స్ కంపెనీ మైక్రోసాఫ్ట్. ఆ బియ్యమే మైక్రోసాఫ్ట్ ఆఫీస్. వర్డ్, ఎక్సెల్ లేని కంప్యూటర్లు ఏ కంపెనీ కొంటుంది చెప్పండి?

1997 ఆగస్టు 6న బోస్టన్‌లో, యాపిల్ అభిమానులు చేరే మ్యాక్‌వరల్డ్ సభలో, యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ మైక్రోసాఫ్ట్‌తో ఈ ఒప్పందం ప్రకటించారు. అందులో అసలైన మాట ఇది: ఐదేళ్లపాటు యాపిల్ కంప్యూటర్ మ్యాక్‌కి ఆఫీస్ వస్తూనే ఉంటుంది. పెద్ద తెర మీద గేట్స్ కనబడగానే హాల్లో జనం గోల గోల చేశారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రోజు ఆయన ఇచ్చింది ఐదేళ్ల బియ్యానికి హామీ.

ఇక డబ్బు. దానికి ఇచ్చినవి ఓటు హక్కు లేని షేర్లు, మూడేళ్లదాకా అమ్మకూడదు. అంటే పెద్ద కొట్టాయన గల్లాపెట్టె దగ్గర కూర్చోడు, కానీ ఆయన సొమ్ము ఆ కొట్లో ఉందని ఊరందరికీ తెలుసు. పుకారుకి విరుగుడు అదే. ఆ ఒక్కరోజులో యాపిల్ షేరు దాదాపు మూడో వంతు పెరిగింది.

ఆయన ఊరికే చేశాడా? లేదు. చిన్న కొట్టు గుమ్మానికి తన బోర్డు కట్టించుకున్నాడు. మ్యాక్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌గా మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రావాలన్నది షరతు. అప్పుడు నెట్‌స్కేప్ అనే పోటీ బ్రౌజర్‌తో పోరు జోరుగా సాగుతోంది మరి. యాపిల్‌తో ఉన్న పేటెంట్ తగాదాలూ తెగిపోయాయి. మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999లో ఏం తేల్చారంటే, మ్యాక్ ఆఫీస్ ఆపేస్తామన్న బెదిరింపుతోనే బ్రౌజర్ విషయంలో యాపిల్‌ని ఒప్పించారని. బియ్యం ఇస్తానన్నదీ ఆయనే, ఆపుతానన్నదీ ఆయనే! ఈ కథ చెప్పేవాళ్లు ఈ ముక్క వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. దొరికిన వ్యవధిలో జాబ్స్ అడ్డగోలుగా పెరిగిన మోడళ్లు తీసేసి, నాలుగు రకాల కంప్యూటర్లు చాలన్నారు. 1998 ఆర్థిక సంవత్సరంలో 30 కోట్ల డాలర్లకు పైగా లాభం. ఆ ఆగస్టులోనే ఐమ్యాక్ వచ్చింది. 2003లో యాపిల్ సొంత బ్రౌజర్ సఫారీ తెచ్చి ఎక్స్‌ప్లోరర్ బోర్డు దించేసింది. ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయినా, ఆఫీస్ మాత్రం మ్యాక్‌లో ఇప్పటికీ వస్తోంది.