పటంలో లేని చుక్క

సభకు నమస్కారం.

ఆకాశంలో కొత్తగా ఏదో కనిపెట్టారనగానే మన ఊహ పెద్ద పెద్ద దూరదర్శినుల మీదికి పోతుంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయే వేధశాలలోని ప్రధాన దూరదర్శిని కటకం 7 అంగుళాలు. అంటే జానెడు కూడా లేదు. లండన్ రీజెంట్స్ పార్కులోని తన ఇంటి ఆవరణలో జార్జ్ బిషప్ అనే వైన్ వ్యాపారి 1836లో సొంత ఖర్చుతో కట్టించుకున్న వేధశాల అది. సూర్యుడి చుట్టూ తిరిగే, గ్రహాల కన్నా బాగా చిన్నవైన శిలలు గ్రహశకలాలు. వాటిలో వెస్టా 1807లో దొరికిన తరవాత 38 ఏళ్లపాటు ఎవరికీ ఒక్క కొత్త గ్రహశకలం కూడా చిక్కలేదు. అలాంటిది, 1847 నుంచి 1854 వరకు ఈ ఒక్క ఇంటి పెరట్లోనే పదకొండు దొరికాయి. వాటిలో పది, అక్కడ పనిచేసిన ఖగోళజ్ఞుడు జాన్ రస్సెల్ హైండ్ కనిపెట్టినవి. మిగిలిన ఆంఫిట్రైటీ ఆల్బర్ట్ మార్త్‌ది.

ఇంతకీ హైండ్‌కు అక్కరకు వచ్చినది కటకం కన్నా కాగితమే అని నా అభిప్రాయం. గ్రహశకలం దూరదర్శినిలో కూడా నక్షత్రంలాగే ఒట్టి చుక్కగా కనిపిస్తుంది కనుక, చూపుతో దాన్ని వేరుచేయడం సాధ్యం కాదు. సూర్యుడు నడిచే దారి వెంబడి చిన్న చిన్న నక్షత్రాలను సైతం గుర్తించిన పటాన్ని పక్కన పెట్టుకుని, కంటికి కనిపించే ప్రతి చుక్కనూ పటంతో సరిపోల్చుకుంటూ పోవాలి. పటంలో లేని చుక్క తగిలితే, పక్క నక్షత్రం నుంచి దాని దూరాన్ని మైక్రోమీటరుతో, అంటే దూరదర్శినికి అమర్చే సూక్ష్మ కొలత పరికరంతో, కొలిచి, కాసేపాగి మళ్లీ కొలవాలి. గంటలో అది కదిలేది చంద్రబింబం వెడల్పులో ఏ యాభయ్యో వంతో. ఆ కాస్త కదలికే దాన్ని పట్టిస్తుంది. 1847 ఆగస్టు 13న ఐరిస్ దొరికేనాటికి హైండ్ వయసు 24. బెర్లిన్‌లో అచ్చయిన నక్షత్ర పటాలు చాలని చోట తానే పటాలు గీసుకున్నాడు.

పేర్ల దగ్గర చిన్న తగాదా కూడా నడిచింది. 1850లో దొరికినదానికి హైండ్ విక్టోరియా అని పేరు పెడితే, బతికున్న రాణి పేరేమిటని అమెరికా ఖగోళజ్ఞులు కొందరు అభ్యంతరపడి క్లియో అని రాసుకున్నారు. విక్టోరియా రోమన్ల విజయదేవత కూడా కదా అన్న సమాధానం ఉండనే ఉంది. చివరకు ఆ పేరే నిలిచింది.

ఇదే కాలంలో మన విశాఖపట్నంలోనూ ఒక సొంత వేధశాల ఉండేది. మద్రాసు వేధశాలలో ఖగోళజ్ఞుడు టేలర్ వద్ద నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు దాన్ని స్థాపించాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే పరిశీలించాడు. అయితే గ్రహశకలాల వేట మన వైపు వచ్చింది మద్రాసు ద్వారా. 1851లో బిషప్ వేధశాలలో సహాయకుడిగా చేరి ఈ పని ఒంటబట్టించుకున్న నార్మన్ పోగ్సన్, పదేళ్ల తరవాత మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడిగా వచ్చాడు. 1861 ఏప్రిల్ 17న అతనికీ ఒక చుక్క చిక్కింది. ఈ ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం కాబట్టి దానికి ఆసియా అని పేరు పెట్టారు.