యూఐ/యూఎక్స్ కోర్సు రివ్యూ: డబ్బులు పెడితే ఆ టెస్టింగ్ మాడ్యూల్ కోసమే పెట్టండి

అందరికీ నమస్తే. చాలా రోజులుగా మీరు అడుగుతున్న యూఐ/యూఎక్స్ కోర్సు రివ్యూ ఇదే. యాప్‌ల, వెబ్‌సైట్ల స్క్రీన్లు ఎలా కనిపించాలి, జనం వాటిని ఎంత సులువుగా వాడగలగాలి అని ఆలోచించి డిజైన్ చేసే పని ఇది. కోర్సు పేరు, ధర, ఎన్ని గంటల వీడియోలు, ఎన్ని ప్రాజెక్టులు, అన్నీ స్క్రీన్ మీద పెట్టాను. వాళ్ల పేజీలో కూడా ఉన్నాయి, మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు. అవన్నీ మళ్లీ చదివి మీ టైమ్ తీసుకోను. ఒక విషయం మాత్రం ముందే చెప్పాలి. ఈ కోర్సు యాక్సెస్ వాళ్లే నాకు ఫ్రీగా ఇచ్చారు. వీడియో చేసినందుకు డబ్బులు తీసుకోలేదు, అప్‌లోడ్ చేసే ముందు వాళ్లకు చూపించలేదు. కింద ఉన్నది మామూలు లింకే, దాని మీద నాకు కమీషన్ రాదు.

ముందు ఫిగ్మా, అంటే స్క్రీన్లు డిజైన్ చేసే టూల్, ఆ భాగం సంగతి త్వరగా తేల్చేద్దాం. బాగుంది. ఫ్రేములు (స్క్రీన్ హద్దులు), కాంపోనెంట్లు (బటన్ లాంటి మళ్లీ మళ్లీ వాడే ముక్కలు), వేరియంట్లు (వాటి రకరకాల రూపాలు) ఒక వరసలో, కంగారు పెట్టకుండా నేర్పారు. ఆటో లేఅవుట్ మీద ఎక్కువసేపు కూర్చున్నారు, అది నాకు నచ్చింది. 2019 చివర్లో ఫిగ్మాలోకి వచ్చిన ఫీచర్ అది. బటన్ లోపల మాట పొడుగైతే బటన్ కూడా దానంతట అదే సాగుతుంది. అది చేతికి రాకపోతే ఇప్పుడు ఏ టీమ్‌లోనూ నెగ్గుకురాలేం. కానీ ఒకటి చెప్పాలి. ఈ భాగమంతా యూట్యూబ్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఫిగ్మా ఫ్రీ ప్లాన్‌తోనే నేర్చుకోవచ్చు. దీని కోసమే అయితే కోర్సు కొనక్కర్లేదు.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో పగలు మాన్యువల్ టెస్టింగ్ ఉద్యోగం, సాయంత్రం మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డిజైన్ క్లాసు. అక్కడ మాతో చేయించింది ఒకటే పని. నెట్‌లో కనిపించిన అందమైన స్క్రీన్‌ని ముందు పెట్టుకుని, అచ్చు అలాగే గీయడం. నీడలు, గ్రేడియంట్లు, గుండ్రటి మూలలు. కోర్సు ముగిసేదాకా మా డిజైన్‌ని ఒక్క మనిషి చేతిలో కూడా పెట్టించలేదు. ఫీజు మాత్రం మొదటి రోజే కట్టించుకున్నారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, ఈ రివ్యూలో అది వినిపిస్తే వినిపించనివ్వండి. అక్కడ నేర్పింది అడోబ్ ఎక్స్‌డీ, ఫిగ్మా లాంటిదే ఇంకో డిజైన్ టూల్. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2022లో అడోబ్ ఫిగ్మాని 2000 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించింది, 2023 డిసెంబర్‌లో ఆ ఒప్పందం రద్దయింది. ఈలోగా ఎక్స్‌డీలో కొత్త ఫీచర్లు రావడం కూడా ఆగిపోయింది. టూల్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికి వచ్చారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ కోర్సులో యూజబిలిటీ టెస్టింగ్ అని ఒక మాడ్యూల్ ఉంది. మన డిజైన్‌ని మామూలు మనుషుల చేతికిచ్చి, ఎక్కడ తికమక పడుతున్నారో చూడటం అన్నమాట. మిగతావన్నీ పక్కన పెట్టినా, దీని గురించి నేను గంటసేపు మాట్లాడగలను.

మొదట వీళ్లు ఏం చేశారంటే, ఒక రెడీమేడ్ ప్రోటోటైప్, అంటే నిజం యాప్‌లా నొక్కి చూడగలిగే నమూనా, మన చేతికిచ్చారు. బస్ టికెట్ బుక్ చేసే యాప్. అందులో తప్పులు కావాలనే పెట్టారు, అవి ఎక్కడున్నాయో మనకు చెప్పరు. దాన్ని ఐదుగురి చేత వాడించి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకుని రమ్మంటారు. మన సొంత డిజైన్ అయితే దాన్ని వెనకేసుకు రావాలనిపిస్తుంది. ఇది వేరేవాళ్లది కాబట్టి ఆ బాధ లేదు, కళ్లు తెరుచుకుని చూస్తాం. మొదటి టెస్టు ఇలా చేయించడం చాలా తెలివైన పని.

ఐదుగురే ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. 1993లో జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ అనే ఇద్దరు పరిశోధకులు కలిసి ఒక లెక్క వేశారు. వాళ్లు పరిశీలించిన ప్రాజెక్టుల్లో ఒక్కొక్క యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెట్టారు. రెండో మనిషి దగ్గర కొన్ని పాతవే కనిపిస్తాయి, కొన్ని కొత్తవి దొరుకుతాయి. అలా ఐదుగురు అయ్యేసరికి 85 శాతం దాకా బయటపడతాయి. 2000లో నీల్సన్ దీన్నే అందరికీ అర్థమయ్యేలా రాసి, పదిహేను మందికి బడ్జెట్ ఉంటే ఒకేసారి పెట్టకండి, ఐదుగురితో చూసి సరిదిద్ది, మళ్లీ ఐదుగురితో చూడండి అన్నాడు. అయితే కోర్సులో హడావుడిగా దాటేసిన విషయం ఒకటి ఉంది. ఆ ఐదుగురూ ఒకే తరహా వాళ్లయితేనే ఈ లెక్క. మారతహళ్లి పీజీలో ఉండే ఐదుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతో టెస్ట్ చేసి, ఊళ్లో మా పెద్దమ్మకు కూడా యాప్ అర్థమవుతుందంటే కుదరదు. పెద్దవాళ్లు వేరే గుంపు, వాళ్లలో మళ్లీ ఐదుగురిని వెతకాలి.

నేను అందుకే మా పీజీలో వంట చూసుకునే అక్కని అడిగాను. కదిరి దగ్గర ఊరు వాళ్లది. ఫోన్ బాగానే వాడతారు, ఫోన్‌పే చేస్తారు, ఊరికి బస్ టికెట్ మాత్రం ఎప్పుడూ వాళ్ల అబ్బాయే తీసిపెడతాడు. రికార్డ్ చేస్తామని ముందే చెప్పి ఒప్పుకుంటేనే కెమెరా పెట్టాలని కోర్సులో గట్టిగా చెప్పారు. అక్క ఒప్పుకున్నారు, ముఖం పడకుండా చేతులు మాత్రమే తీశాను. ఇదిగో, క్లిప్ చూడండి.

చూశారా, సీటు నొక్కారు. పచ్చగా మారింది. ఇప్పుడు కింద 'ముందుకు' అనే బటన్ బూడిద రంగులో ఉంది. ఎక్కే చోటు ఎంచుకునేదాకా అది పని చేయదు, కానీ ఆ మాట స్క్రీన్ మీద ఎక్కడా లేదు. అక్క వేలు చూడండి. నొక్కారు. ఆగారు. ఇంకాస్త గట్టిగా నొక్కారు. వేలు చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కారు. చేయి తడిగా ఉందేమో, అందుకే పని చేయట్లేదేమో అనుకున్నారు! తప్పు స్క్రీన్‌ది, అనుమానం మాత్రం తన చేతి మీద. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇది నొక్కితే పోవట్లేదు తమ్ముడూ, ఏం చేయాల?" అన్నారు.

ఇక్కడే ఈ మాడ్యూల్ విలువ తెలిసింది. నోటి చివర దాకా వస్తుంది, "పైన ఎక్కే చోటు సెలెక్ట్ చేయండక్కా" అని. అనకూడదు. అన్నామంటే ఆ టెస్ట్ అక్కడితో అయిపోయినట్టే. కోర్సులో నేర్పిన జవాబు, "మీకు ఏం చేయాలనిపిస్తోంది అక్కా?" అంతే. అని ఊరుకోవాలి. మనం మాట్లాడకుండా ఉంటే అవతలి మనిషి మనసులో ఉన్నది బయటికి చెప్తారు. చేస్తున్నప్పుడు అనుకుంటున్నది పైకి చెప్పించే ఈ పద్ధతిని 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ ఇంటర్‌ఫేస్‌ల పరీక్షకు తెచ్చాడు. నలభై ఏళ్లు దాటినా ఇంతకంటే చౌకైన, ఇంతకంటే పదునైన పరికరం నేనైతే చూడలేదు. అక్క ఏమన్నారో వినండి: "డబ్బులు ముందే కట్టాలేమో. నా కార్డు దీంట్లో లేదు కదా, అందుకే పోనీట్లేదు." ఇలాంటి కారణం ఒకటి ఉంటుందని ఏ డిజైనరైనా డెస్క్ దగ్గర కూర్చుని ఊహించగలడా?

టాస్క్ ఎలా రాయాలో కూడా బాగా చెప్పారు. 'బోర్డింగ్ పాయింట్ ఎంచుకోండి' అని టాస్క్‌లో రాస్తే, స్క్రీన్ మీద అదే మాట వెతికి నొక్కేస్తారు, మనకు ఏమీ తెలియదు. 'శుక్రవారం రాత్రి ఊరికి వెళ్లాలి, మీ ఇంటికి దగ్గర్లో బస్ ఎక్కేలా టికెట్ తీయండి' అని చెప్పాలి. టాస్క్‌లో అవసరం ఉండాలి గానీ బటన్ పేరు ఉండకూడదు. నేను టెస్టింగ్ ఉద్యోగంలో రాసిన టెస్ట్ కేసులన్నీ దీనికి ఉల్టా. అక్కడ ఏ బటన్ నొక్కాలో అడుగడుక్కీ రాయాలి, ఎందుకంటే అక్కడ చూసేది సాఫ్ట్‌వేర్ పని చేస్తుందా లేదా అని. ఇక్కడ చూసేది మనిషికి దారి దొరుకుతుందా లేదా అని. టెస్టింగ్ నుంచి డిజైన్‌కి మారాలనుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఈ ఒక్క పాఠం రెండుసార్లు చూడండి.

ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) స్కోర్ పాఠం మీద మాత్రం నాకు పేచీ ఉంది. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళి అది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 దాకా మార్కు (అస్సలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 5), లెక్క కట్టాక వందలో ఒక స్కోర్. సగటు 68 అంటారు. ఎలా లెక్క కట్టాలో చక్కగా చూపించారు. కానీ మన దగ్గర ఎదురుగా కూర్చున్న కుర్రాడి మనసు నొప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇందాక టికెట్ తీయలేకపోయిన అక్కే, ప్రశ్నలు అడిగితే "బాగుంది తమ్ముడూ, బాగా చేసినావు" అని అన్నిటికీ ఐదు ఇచ్చారు. ఆ పది వాక్యాల్లో ఒకటి మంచిగా, ఒకటి చెడ్డగా ఉంటాయి కాబట్టి, అన్నిటికీ ఐదు అంటే లెక్కలో 50 వస్తుంది. ఆ 50కి అర్థం లేదు. నా సలహా, నోటితో చెప్పినదాన్ని కాదు, వేలు చేసిన పనిని నమ్మండి. ఎక్కడ ఆగారు, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు, అది రాసుకోండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయం. కోర్సు మొత్తంలో ఒక్క స్క్రీన్ కూడా భారతీయ భాషలో లేదు. అమ్మేది ఇక్కడి పిల్లలకు, చేయించేదంతా ఇంగ్లీష్ అక్షరాలతో. అక్క కోసం ఆ ప్రోటోటైప్‌ని నేను తెలుగులోకి మార్చుకున్నాను. ఏమైందో దగ్గరగా చూపిస్తాను, జూమ్ చేస్తున్నా.

ఇది ఎక్కే చోట్ల లిస్టు. 'మారతహళ్లి' అని టైప్ చేశాను. స్క్రీన్ మీద ఏముంది? 'మారతహళి'. కింద లావత్తు ఎగిరిపోయింది. 'హెబ్బాళ' చూడండి, బావత్తు సగానికి తెగింది. కారణం చిన్నదే. లిస్టులో ప్రతి వరుస ఎత్తునీ ఇంగ్లీష్ అక్షరానికి సరిపోయేలా బిగించేశారు, హద్దు దాటినదాన్ని కత్తిరించే 'క్లిప్ కంటెంట్' ఆప్షన్ ఆన్‌లో ఉంచారు. ఇంగ్లీష్‌లో జీ, వై లాంటి కొన్ని అక్షరాలు మాత్రమే గీత కిందికి దిగుతాయి, అవీ కొంచెమే. తెలుగులో పైన గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద ఇంకో వత్తు. ఎత్తు ఎక్కువ కావాలి. రెండు లైన్ల వాక్యం పెడితే ఇంకా ఘోరం, పై లైన్ వత్తులు కింది లైన్ గుడుల మీదికి వచ్చి పడ్డాయి.

నేను వాడే పద్ధతి చెప్తాను, కోర్సులో లేదు కాబట్టి ఇక్కడ రాసుకోండి. లైన్ హైట్‌ని (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) తెలుగుకి అక్షరం సైజులో 160 శాతం దగ్గర మొదలుపెట్టండి, ఫాంట్‌ని బట్టి పెంచండి, తగ్గించండి. వరుస ఎత్తు బిగించకుండా ఆటో లేఅవుట్‌కి వదిలేసి, పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇవ్వండి. ప్రతి కాంపోనెంట్‌లో 'లక్ష్మి', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' టైప్ చేసి చూడండి. ఈ మూడూ తెగకుండా నిలబడితే మిగతావి దాదాపు అన్నీ నిలబడతాయి. ఫాంట్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు ఉంది, మండలి ఉంది, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ. ఎక్కువసేపు చదివే స్క్రీన్‌కి నాకు మండలి ఇష్టం.

ఇది చిన్న విషయం అంటే నేను ఒప్పుకోను. ఎక్కాల్సిన చోటు పేరే సరిగా కనిపించకపోతే రాత్రి పదిన్నరకు బెంగళూరు మడివాళలో బ్యాగులతో నిలబడేది ఆ అక్కే కదా. కోర్సు వాళ్లకు ఈ స్క్రీన్‌షాట్లన్నీ మెయిల్ చేశాను. వచ్చే బ్యాచ్‌లో ఒక పాఠం పెడతామన్నారు. పెట్టినప్పుడు చూద్దాం.

యాక్సెసిబిలిటీ, అంటే చూపు లాంటి ఇబ్బందులున్నవాళ్లు కూడా వాడగలిగేలా చేయడం, ఆ మాడ్యూల్ చిన్నదే అయినా గట్టిగా ఉంది. మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలు. వేలితో నొక్కేవాటికి కనీస సైజు ఆండ్రాయిడ్‌లో 48 డీపీ, యాపిల్‌లో 44 పాయింట్లు (డీపీ, పాయింట్ రెండూ స్క్రీన్ కొలతలే). ఇవి చెప్పి వదిలేయకుండా, ఫోన్‌లో టాక్‌బ్యాక్ (స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఫీచర్) ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక యాప్ వాడి చూడమన్నారు. ఈ రాత్రే చేసి చూడండి, మీరు రోజూ వాడే యాప్‌లో పేరు లేని బటన్లు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

మెంటర్ కాల్స్ ఫర్వాలేదు. సర్టిఫికెట్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి. నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో ఎవరూ దాన్ని అడగలేదు, 'మీ డిజైన్ ఎవరికి చూపించారు, వాళ్లు ఎక్కడ ఆగారు, మీరేం మార్చారు' అనే అడిగారు.

కొనాలా వద్దా? టెస్టింగ్ మాడ్యూల్ కోసం కొనొచ్చు, నా వైపు నుంచి గట్టిగా అవును. తెలుగు విషయంలో వాళ్ల మీద కోపం ఉన్నా ఇదే మాట చెప్తాను, ఎందుకంటే ఎదుటి మనిషి తికమక పడుతుంటే నోరు మూసుకుని చూడటం ఎలాగో నాకు ఇంకెవరూ ఇంత ఓపికగా నేర్పలేదు. అంత డబ్బు ఇప్పుడు లేదంటే అప్పు చేయకండి. ఫిగ్మా ఫ్రీ, ఫోన్ ఉంది, ఇంట్లో అమ్మానాన్నలు ఉన్నారు. ఒక టాస్క్ రాసుకుని పక్కన కూర్చోండి.

తెలుగులో చేసిన ప్రోటోటైప్ ఉంటే లింక్ కింద పెట్టండి, వచ్చే వీడియోలో కొన్నిటిని మా అక్కతోనే టెస్ట్ చేయిద్దాం. ఈసారి ఆమె వాళ్ల చెల్లెలిని కూడా తీసుకొస్తానన్నారు.