పాత బేస్ గిటార్ కొనేముందు మెడ చూడండి

శ్రోతలకు నమస్కారం. తిరుపతిలో ఏ రిసెప్షన్ ఆర్కెస్ట్రా ముందు నిలబడినా, పాట అడుగున గుండెకు తగిలే మంద్రస్వరం బేస్ గిటార్‌ది. దాని లావుపాటి తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. నాలుగు తీగలూ కలిసి మెడను, అంటే వాటి కింద పొడవుగా ఉండే కలపను, 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. అందుకే పాత బేస్ చేతికొస్తే పాలిష్ కాదు, ముందు మెడ చూడాలి.

1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు మెడ వేరు, ఒళ్లు వేరు. నాలుగు స్క్రూలు విప్పితే మెడ మార్చుకోవచ్చు. 1970ల్లో వాయించేవాడి చేతికి తగ్గట్టు ఒక్కొక్కటిగా చేసిచ్చే పనివాళ్లు పేరు తెచ్చుకున్నారు. న్యూయార్క్‌లో ఆంథనీ జాక్సన్ అనే బేస్ వాద్యకారుడు అడిగితే కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ చేసిచ్చాడు. కాలిఫోర్నియాలో రిక్ టర్నర్ పనిచేసిన అలెంబిక్ కంపెనీ వాళ్లు మెడనే వాద్యం చివరిదాకా సాగదీసి, రెండు పక్కలా రెక్కలు అతికించారు. బొబ్బిలి ఏకాండ వీణ చూసినవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. అయితే వీణకు ఒకే పనస దుంగ. ఇక్కడ మేపుల్, పర్పుల్‌హార్ట్ అనే కలపల పట్టీలు కలిపి అతికిస్తారు. ఒక పట్టీ వంగబోతే పక్క పట్టీ ఆపుతుంది. నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఈ మెడ చెడితే మార్చడానికి వేరే మెడ ఉండదు.

పరీక్ష ఇలా. శ్రుతి చేయండి. మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంట్లో కలిసే చోటా అదిమిపట్టండి. ఏడో ఫ్రెట్ మీద తీగకు కింద విజిటింగ్ కార్డు దూరేంత, అంటే 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే మెడ బాగున్నట్టే. ఎక్కువుంటే తీగలు వదులు చేసి, మెడ లోపల ఉండే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, గడియారం తిరిగే దిక్కుగా బిగించాలి. సందే లేక మొదటి ఫ్రెట్లలో జరజరమంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు, అంతే. మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున కొలవండి; కలప నెమ్మదిగా కదులుతుంది. అలెంబిక్ మెడలో రాడ్లు రెండు, రెంటినీ సమానంగా తిప్పాలి. రాడ్ తిప్పే నట్టు మొండికేస్తే బలం చూపకండి. రాడ్ తెగితే ఫ్రెట్లున్న పలకను, అంటే ఫింగర్‌బోర్డును, ఊడదీయాల్సిందే.

మన ఊరి మే నెల ఎండ దీనికి శత్రువు. ఆరిన కలప కుంచించుకుని ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటాయి. అలిపిరి దగ్గర ఎండలో ఆపిన వ్యాన్‌లో వదిలేస్తే జిగురే మెత్తబడి, తీగల లాగుడుకు అతుకులు జరుగుతాయి. అక్టోబరు వానలకు మెడ మళ్లీ మారుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు కొలవాలి.

ఇక వాల్యూం నాబ్ గరగరమంటుంటే కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే చాలు, నాబ్ కింద ఉండే పాట్, అంటే పొటెన్షియోమీటర్, మార్చకండి. పాత అమెరికన్ పాట్ వెనక 1377235 లాంటి అంకె ఉంటుంది: 137 తయారీదారు, 72 సంవత్సరం, 35 వారం. వాద్యం అంతకన్నా పాతదని ఎవరైనా అంటే, ఆ పాట్ తర్వాత మార్చిందా అని అడగండి. మార్చక తప్పకపోతే, తీసిన పాత పాట్‌ను కవరులో పెట్టి వాద్యం పెట్టెలోనే ఉంచండి.